శివాజీనగర్‌లో ఒమన్ సాంబ్రాణి, అసలు సరుకు

బెంగళూరులో మంచి సాంబ్రాణి ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళు రస్సెల్ మార్కెట్ వెనక సందులో ఉన్న చిన్న అత్తరు కొట్టుకి వెళ్ళండి. ఒమన్‌లో దోఫార్ వైపు పెరిగే చెట్టు బెరడు గీస్తే పాలలా కారి గట్టిపడే బంక ఇది, వేల ఏళ్ళుగా ఒంటెల మీద, ఓడల్లో దేశాలు తిరిగిన సరుకు, ఆ ప్రాంతాన్ని 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా పెట్టింది. దోఫార్‌లోని సలాలా ఊరి సూక్‌లో, అంటే బజారులో, లాగే ఇక్కడా రంగుని బట్టే రేటు, లేత ఆకుపచ్చ కలిసిన తెల్ల ముక్కలు, హోజరీ అంటారు, బాగా ఖరీదు, ముదురు రంగువి చవక. కొట్టాయన రెండు రకాలూ తెల్ల కాగితం మీద పక్కపక్కనే పోసి, నిప్పుల మీద ఒక్కో ముక్క వేసి వాసన చూపించాకే తూచారు, ఆ ఓపికకి దండం పెట్టాలి. హోజరీ అయితే నిమ్మతొక్క వాసన, కళ్ళు మండవు, మా అమ్మ శుక్రవారం పూజకి ఇంక ఇదే కావాలంటోంది. పార్కింగ్ మాత్రం నరకం, మెట్రోలో వెళ్ళండి. బేరం ఆడొచ్చండి, ముందు 50 గ్రాములే తీసుకుని చూడండి.