భయపడుతూ వెళ్లేవాళ్లకి మంచి బ్యాచ్ ఇది

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన ఉన్న ఈ సెంటర్‌లో పొద్దున ఆరింటి టబాటా అనే వ్యాయామం క్లాసుకి వెళ్తున్నాను. జిమ్ మొహం ఎప్పుడూ చూడనివాళ్లకి మొదటి రోజు టెన్షన్ మామూలుగా ఉండదు, అందరూ మనల్నే చూస్తారేమో, మధ్యలో ఆగిపోతే ఏమనుకుంటారో అని గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోతాయి. నాకూ అంతే.

నాకు బాగా నచ్చింది కోచ్ మేడమ్ పద్ధతి. మోకాళ్ల నొప్పులు, బీపీ ఏమైనా ఉన్నాయా అని ముందే అడుగుతారు, కొత్తవాళ్లని తనకి దగ్గరగా పక్క వరసలో నిలబెడతారు. టబాటా అంటే 20 సెకన్లు గట్టిగా చేసి 10 సెకన్లు ఆగడం, అలా 8 సార్లు, మొత్తం 4 నిమిషాలు. వినడానికి తక్కువే గానీ మూడో రౌండుకే ఊపిరి అందదు. బర్పీల దగ్గర (వంగి చేతులు నేలకి ఆనించి, రెండు కాళ్లూ ఒకేసారి వెనక్కి ఎగరేసి, మళ్లీ లేచి ఎగరడం) నేను ఆగిపోతే ఆవిడ పక్కకొచ్చి మెల్లగా, "ఎగరొద్దమ్మా, ఒక్కో కాలు వెనక్కి పెట్టి మళ్లీ లెయ్, అది చాలు" అన్నారు. పక్కనున్న అక్క కూడా అలాగే చేస్తోంది. అది చూశాక సగం భయం పోయింది.

అలిపిరి మెట్లు ఎక్కే అలవాటున్నవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోకండి, మెట్ల దారిలో ఆయాసమొస్తే కాసేపు కూర్చోవచ్చు, ఇక్కడ టైమర్ ఆగదు.

పాటల సౌండ్ మాత్రం ఎక్కువ, వెనక నిలబడితే కోచ్ మాట వినపడదు. బండి పెట్టుకోవడానికి చోటు కూడా తక్కువే. ఫీజు నెలనెలా కట్టుకోవచ్చు, బలవంతం లేదు. కొత్తగా వెళ్లేవాళ్లు కాస్త ముందే వెళ్లి కోచ్‌తో మాట్లాడండి, టిఫిన్ తిని మాత్రం వెళ్లొద్దు.