మహబూబ్‌నగర్‌లో ఒక సైకిల్ దుకాణం, కోనాలో ఒక పంక్చర్

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక పాత సైకిల్ దుకాణం ఉంది. పేరు రాయవద్దని యజమాని కోరినందువల్ల ఇక్కడ రాయడం లేదు. ఆయనను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు, ఊళ్లో తెల్లవారుజామున సైకిల్ తొక్కే వారెవరిని అడిగినా దారి చూపిస్తారు. గేర్ల సైకిల్‌ను హైదరాబాద్ దాకా తీసుకుపోకుండా ఇక్కడే బాగుచేయించుకోవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఆ దుకాణం ఏ పనికి పనికివస్తుందో, ఏ పనికి చాలదో వివరంగా చెబుతాను. అయితే దానిని నేను మెచ్చుకోవడానికి అసలు కారణం అక్కడ జరిగే మరమ్మతు కంటే అక్కడ దొరికే చదువు. టైరు విప్పడం, ట్యూబ్ మార్చడం, ప్యాచ్ వేయడం, గాలి నింపడం అడిగినవారందరికీ వారి చేతులతోనే చేయించి నేర్పుతారు. దూరాలు తొక్కేవారికి, ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే ట్రయథ్లాన్ పోటీలకు సిద్ధమయ్యేవారికి ఇంతకంటే అవసరమైన సేవ మన జిల్లాలో మరొకటి నాకు కనిపించలేదు.

పంక్చర్ అంత పెద్ద విషయమా అనుకునేవారు మన రోడ్లను గుర్తు తెచ్చుకోవాలి. దేవరకద్ర వైపు వెళ్లినా, కోయిల్‌సాగర్ దారి పట్టినా, జడ్చర్ల రోడ్డు ఎక్కినా రెండు పక్కలా సర్కారు తుమ్మ కంప ఉంటుంది. పొలానికి కంచె వేయడానికి ఆ కంపను కొట్టి రోడ్డు మీదుగా ఈడ్చుకుపోయిన రోజున ముళ్లన్నీ తారు మీదే మిగిలిపోతాయి. వానలు తగ్గాక రోడ్డు అంచున పల్లేరు కాయలు ఎండుతాయి, అవి ఏ వైపు పడినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. సన్న టైర్ల సైకిల్‌కు ఈ రెండూ శత్రువులే. ఊరు దాటిన తరువాత గాలి పోతే నడుచుకుంటూ రావాలి, లేదా ఆటో కోసం ఎదురుచూడాలి. బైకులకు పంక్చర్ వేసే షెడ్డు దొరికినా, అక్కడి కంప్రెసర్ గొట్టం గేర్ల సైకిళ్ల సన్న టైర్లకు ఉండే ప్రెస్టా అనే సన్న వాల్వ్‌కు పట్టదు.

ఈ పనికి నేను ఇంత విలువ ఇవ్వడానికి క్రిస్సీ వెల్లింగ్టన్ జీవితం కారణం. ట్రయథ్లాన్ చరిత్రలో ఆమెవంటి క్రీడాకారిణులు అరుదు. 1977లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆమె బాల్యం నుంచి శిక్షణ పొందిన అథ్లెట్ కాదు. అంతర్జాతీయ అభివృద్ధి అంశంలో ఎం.ఏ. చేసి, బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ శాఖలో ఉద్యోగం చేసింది. 2004లో నేపాల్ వెళ్లి అక్కడి ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, గ్రామాల్లో తాగునీటికీ పారిశుద్ధ్యానికీ సంబంధించిన పనులు చూసింది. కాఠ్మాండూ చుట్టుపక్కల కొండదారుల్లో పని మొదలయ్యే వేళకు ముందే మిత్రులతో కలిసి సైకిల్ తొక్కడం, టిబెట్ నుంచి హిమాలయాలు దాటుతూ కాఠ్మాండూ దాకా సైకిల్ మీదే రావడం ఆమె శరీరానికి తెలియకుండానే జరిగిన శిక్షణ అయింది. నీటి పథకాల లెక్కలు చూసుకునే ఒక ఉద్యోగిని లోపల ప్రపంచ ఛాంపియన్ ఉందని అప్పటికి ఎవరూ ఊహించి ఉండరు.

స్వదేశానికి తిరిగివచ్చాక 2006లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో, తన వయోవర్గంలో ఔత్సాహిక క్రీడాకారిణిగా గెలిచింది. 2007 ఆరంభంలో ఉద్యోగం వదిలి వృత్తి క్రీడాకారిణి అయింది. ఆ ఏడాది ఆగస్టులో దక్షిణ కొరియాలో తొలిసారి ఐరన్‌మ్యాన్ పోటీలో పాల్గొని గెలిచింది. అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తరువాత 42.2 కిలోమీటర్ల పరుగు, మధ్యలో విరామం లేకుండా. రెండు నెలలు తిరగకముందే, అక్టోబరులో హవాయిలోని కోనాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు ఆమె వయసు 30 ఏళ్లు. అక్కడికి చేరిన విలేకరులలో ఆమె ఎవరో తెలిసినవారు చాలా తక్కువ. ఆ తరువాత 2008, 2009, 2011 సంవత్సరాల్లోనూ ఆమే కోనా విజేత. ఐరన్‌మ్యాన్ దూరంలో ఆమె 13 పోటీల్లో పాల్గొని 13లోనూ గెలిచింది. 2009లో కోనాలో 8 గంటల 54 నిమిషాల 2 సెకన్లలో ముగించి, పాలా న్యూబీ ఫ్రేజర్ పేరిట 1992 నుంచి ఉన్న రికార్డును దాటింది. 2011లో జర్మనీలోని రోత్‌లో నమోదు చేసిన 8 గంటల 18 నిమిషాల 13 సెకన్ల ఐరన్‌మ్యాన్ దూరపు మహిళల రికార్డు 2023లో డానియేలా రీఫ్ వచ్చేదాకా నిలిచింది.

ఇంతటి విజేత 2008లో కోనా రోడ్డు పక్కన నిస్సహాయంగా నిలబడింది. లావా గడ్డకట్టిన నల్లని రాళ్ల మధ్య, నీడ లేని హైవే మీద, సైకిల్ విభాగంలో అందరికంటే ముందు వెళుతుండగా ఆమె టైరు పంక్చర్ అయింది. పోటీల్లో చేతిపంపుకు సమయం చాలదు కనుక చిన్న ఉక్కు గుళికల్లో బిగించిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడతారు. 16 గ్రాముల గుళిక ఒక సన్న టైరును కొన్ని సెకన్లలో నింపగలదు. కాని మూతి సరిగ్గా వాల్వ్‌కు బిగియకపోతే అంతే వేగంగా గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, రెండో అవకాశం ఉండదు. ఆమె విషయంలో అదే జరిగింది. తెచ్చుకున్న గ్యాస్ వృథా అయింది, వెనుక వస్తున్న ప్రత్యర్థులు ఒక్కొక్కరే దాటిపోయారు. చివరకు ఆస్ట్రేలియా క్రీడాకారిణి రెబెకా కీట్ తన దగ్గర ఉన్న గుళికను ఆమెకు ఇచ్చి వెళ్లింది. సుమారు పది నిమిషాలు పోయాయి. అయినా వెల్లింగ్టన్ ముందున్నవారిని ఒక్కొక్కరినే దాటి, మారథాన్‌ను మూడు గంటల లోపల ముగించి, రెండో స్థానంలో వచ్చిన ఇవోన్ వాన్ వ్లెర్కెన్ కంటే దాదాపు 15 నిమిషాల ముందు గెలిచింది.

ఆ పోటీ గురించి మాట్లాడేవారు ఆమె పట్టుదలను, కీట్ ఔదార్యాన్ని మెచ్చుకుంటారు. రెండూ మెచ్చుకోవలసినవే. అయితే ఆ రోజు ఆమెకు కొరత పడింది కాళ్లలో శక్తి కాదని, చేతులకు ఉండవలసిన అలవాటని నాకు అనిపిస్తుంది. ప్రపంచంలో అందరికంటే బలమైన క్రీడాకారిణికే ఆ పరిస్థితి వచ్చినప్పుడు, కోయిల్‌సాగర్ దారిలో ఒంటరిగా తొక్కే మన పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ అలవాటును చేతులకు అబ్బించే పనినే ఈ దుకాణం చేస్తోంది.

ఇక్కడ పాఠం ఇలా సాగుతుంది. ముందు సైకిల్‌ను బోర్లా తిప్పనివ్వరు. వెనుక చక్రమైతే గొలుసును అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి మార్పించి, ఆ తరువాత విప్పిస్తారు, అప్పుడు మళ్లీ ఎక్కించడం సులభమవుతుంది. టైరు అంచును రిమ్ము మధ్యలోని లోతైన భాగంలోకి చుట్టూ నొక్కుకుంటూ వస్తే, ప్లాస్టిక్ లీవరు ఒక్కటే చాలుతుంది. ఇనుప లీవరు వాడితే ట్యూబ్‌కు కొత్త చిల్లు పడుతుంది కాబట్టి దానిని ఉస్తాద్ ముట్టనివ్వరు. ట్యూబ్‌ను నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూపించడం అన్ని దుకాణాలూ చేస్తాయి. ఇక్కడ ఇంకొక మెట్టు ఎక్కుతారు: టైరు మీది కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వ్ ఉన్న చోటే వచ్చేలా ఎక్కించమంటారు. అలా ఎక్కించి ఉంటే ట్యూబ్‌లో చిల్లు వాల్వ్‌కు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో ముల్లు ఎక్కడ దాగి ఉందో వెంటనే పట్టుకోవచ్చు. టైరు లోపల వేళ్లతో నెమ్మదిగా తడిమి ఆ ముల్లు తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే, కిలోమీటరు దాటకముందే అది కూడా పోతుంది. చిల్లు ఒకటి కాకుండా పక్కపక్కనే రెండు ఉంటే దానికి కారణం ముల్లు కాదని, గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి ట్యూబ్ రిమ్ముకు నలిగిందని వివరిస్తారు. గరుకు కాగితంతో రుద్దిన తరువాత సొల్యూషన్ రాసి, అది పూర్తిగా ఆరేదాకా ఆగమంటారు. తడి మీద ప్యాచ్ అతికించే తొందర చాలామందిలో ఉంటుంది, ఎండాకాలంలో తారు వేడికి ఊడిపోయేవి అవే.

ఆ తరువాత ట్యూబ్‌లో మళ్లీ గాలి తీసేసి, అదంతా మొదటి నుంచి ఒంటరిగా చేయమంటారు. మధ్యలో చేయి పెట్టరు. మా కళాశాల అమ్మాయి ఒకరు చివరి అంచు ఎక్కక అవస్థ పడుతుంటే నేను ఒకసారి సాయం చేయమని అడిగాను. "నాకొస్తే ఏం లాభం మేడం, కోయిల్‌సాగర్ కాడ నేనుండను గదా, బిడ్డకు రావాలె" అన్నారాయన. ఆ అమ్మాయి బొటనవేళ్లతోనే అంచు ఎక్కించింది. ఈ పాఠానికి ఆయన రుసుము తీసుకోరు, 60 రూపాయల ప్యాచ్ డబ్బా ఒకటి కొనుక్కుంటే చాలునంటారు. ప్రెస్టా వాల్వ్‌ను బైకుల కంప్రెసర్‌కు కలిపే చిన్న ఇత్తడి అడాప్టర్ 30 రూపాయలకు ఇస్తారు. దానిని వాల్వ్‌కే బిగించి పెట్టుకుంటే దారిలో ఏ షెడ్డులోనైనా గాలి నింపుకోవచ్చు. నా దృష్టిలో ఆ దుకాణంలో కొనదగిన వస్తువులన్నిటిలో ఇదే మొదటిది.

మిగతా పనుల గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రేకులు సరిచేయడం, గేరు తీగలు మార్చడం, గొలుసు శుభ్రం చేసి నూనె వేయడం నమ్మకంగా చేస్తారు, మొత్తం సర్వీసింగ్‌కు 500 రూపాయలు తీసుకుంటారు. వంకరపోయిన చక్రాన్ని కంటితో చూసి, ఊచలు బిగించి సరిచేసే నైపుణ్యం మామూలు సైకిళ్లకు సరిపోతుంది. పోటీ సైకిళ్ల తేలిక రిమ్ములకు మాత్రం ఆ పద్ధతి చాలదు, అందుకు కావలసిన కొలత స్టాండు అక్కడ లేదు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులలో నూనె మార్చే సామగ్రి లేదు. కార్బన్ ఫ్రేముకు బోల్టులు ఎంత బిగించాలో కొలిచే పానా కూడా లేదు కాబట్టి అటువంటి సైకిళ్లను నేను అక్కడ ఇవ్వను. గ్యాస్ గుళికలు, పొడవు వాల్వ్ ట్యూబులు అన్ని వేళలా దొరకవు. బిల్లు అడిగితే చిన్న కాగితం మీద రాసిస్తారు. వరుస పద్ధతి లేకపోవడం పెద్ద లోటు: సాయంత్రం బడి వదిలే వేళకు పిల్లల సైకిళ్లు వస్తే, పొద్దున ఇచ్చినవారి పని మరుసటి రోజుకు పోతుంది. ఒక చీటీ పుస్తకం పెడితే తీరిపోయే సమస్య ఇది. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను.

అమ్మాయిల విషయంలో ఈ దుకాణం చూపే మర్యాదను ప్రత్యేకంగా చెప్పాలి. సైకిల్ దుకాణానికి తమ్ముడినో నాన్ననో పంపే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఇక్కడ అమ్మాయిలు తామే వచ్చి, పానా చేతపట్టి, గ్రీజు అంటిన చేతులతో ప్రశ్నలు అడుగుతారు, ఎవరూ వింతగా చూడరు. వెల్లింగ్టన్ 2012 చివరలో విరమించుకున్న తరువాత చేసిన మొదటి పనుల్లో ఒకటి ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఫ్రాన్స్‌లో పురుషులకు జరిగే పెద్ద సైకిల్ పోటీ టూర్ ద ఫ్రాన్స్ మహిళలకు కూడా ఉండాలని 2013లో సైకిల్ క్రీడాకారిణులు ఎమ్మా పూలీ, మరియానా వోస్, క్యాథరిన్ బెర్టీన్‌లతో కలిసి ఆమె ఉద్యమించింది. మరుసటి ఏడాది పారిస్‌లో మహిళలకు ఒక రోజు పోటీ మొదలైంది. గెలిచిన పతకాలకంటే ఈ పనిని నేను ఏమాత్రం తక్కువగా చూడను.

2011 కోనాకు రెండు వారాల ముందు ఆమె సైకిల్ మీద నుంచి పడింది. చర్మం బాగా గీసుకుపోయి, గాయాలు మానకముందే పోటీకి దిగి, ఈతలో వెనుకబడినా చివరకు గెలిచింది. 2010లో అనారోగ్యం వల్ల పోటీ రోజు ఉదయమే తప్పుకోవలసి వచ్చింది. శరీరం విషయంలో మనం ఎంత జాగ్రత్తపడినా ఇటువంటివి వస్తూనే ఉంటాయి. సైకిల్ విషయంలో మాత్రం చాలావరకు ముందే సిద్ధపడవచ్చు. గోవాలో జరిగే సగం దూరం ఐరన్‌మ్యాన్‌లో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. దానికి పేరు ఇవ్వాలనుకునే మన జిల్లావారు వేల రూపాయల బూట్ల కంటే ముందు, రెండు ట్యూబులు, ఒక లీవరు, ఒక చేతిపంపు సమకూర్చుకుని ఉస్తాద్ దగ్గర ఒక మధ్యాహ్నం గడపడం మంచిది. గ్యాస్ గుళిక వాడదలచినవారు ఇంటి దగ్గర కనీసం ఒకటి ఖర్చుపెట్టి సాధన చేయాలి. విడుదలయ్యేటప్పుడు గుళిక మంచులా చల్లబడి వేళ్లకు అంటుకుంటుంది, గుడ్డ చుట్టి పట్టుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ రబ్బరులో నుంచి మామూలు గాలికంటే త్వరగా బయటికి పోతుంది కాబట్టి, ఇంటికి వచ్చాక దానిని తీసి పంపుతో గాలి నింపాలి.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది. పాఠం కోసం వెళ్లేవారు మిగతా రోజుల్లో బడి వదలకముందు, రెండు గంటల ప్రాంతంలో వెళితే ఆయనకు తీరిక దొరుకుతుంది. పొడవు వాల్వ్ ట్యూబ్ వాడేవారు తమది తామే తీసుకువెళ్లాలి.