ఫైలు తెరవకుండానే లింకులు పట్టే స్క్రిప్ట్: మూడేళ్లు వాడాక

ఎక్సెల్ ఫైళ్లున్న మా షేర్డ్ డ్రైవ్‌ను మొదటిసారి క్లౌడ్‌కు మార్చినప్పుడు, ఏ ఫైలు వేరే ఏ ఫైలు నుంచి అంకెలు తెచ్చుకుంటోందో (లింకులంటే అవే) ముందుగా ఏ స్కానూ చేయలేదు. ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి, అంకెలన్నీ కనిపించాయి, గండం గడిచిందనుకున్నాం. రెండో నెలాఖరుకి అకౌంట్స్ నుంచి ఒకావిడ ఫోన్: "ఈ టోటల్ పోయిన నెలదే ఉందేంటండీ, కదలట్లేదు." లింకు తెగినా ఎక్సెల్ చివరిసారి తెచ్చుకున్న విలువను దాచుకుని దాన్నే చూపిస్తుంది. ఎర్రర్ వచ్చుంటే ఆ రోజే దొరికేది.

ఆ దెబ్బకి పైథాన్‌లో ఓ చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. ఆ తర్వాత ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చిన ప్రతిసారీ అదే వాడాను. ఎక్సెల్ 2007తో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్, అంటే చాలా చిన్న ఫైళ్లను కుదించి కట్టిన మూట. విప్పి చూస్తే లోపల 'ఎక్స్‌టర్నల్‌లింక్స్' అనే ఫోల్డర్ కనిపించిందా, అది వేరే ఫైలు మీద ఆధారపడినట్టే. అక్కడి 'రెల్స్' ఫైల్లో 'టార్గెట్' దగ్గర అసలు చిరునామా ఉంటుంది. స్క్రిప్ట్ దాన్ని చదివి వరుసగా రాసిపెడుతుంది, అంతే. ఎక్సెల్ తెరవక్కర్లేదు, ఫైళ్ల తేదీలు మారవు. అంతకుముందు మ్యాక్రోతో (ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్) ఒక్కో ఫైలూ తెరిపించి చూశాను. పొద్దున వచ్చేసరికి "లింకులు అప్‌డేట్ చేయాలా" అనే ప్రశ్న స్క్రీన్ మీద పెట్టుకుని పదో ఫైలు దగ్గరే నిలబడి ఉంది. ఆ ప్రశ్న రాకుండా, ఫైలు తెరిచే ఆదేశంలో అప్‌డేట్‌లింక్స్‌కి 0 ఇవ్వాలని అప్పటికి తెలీదు, తప్పు నాదే.

మొదటి జాబితా చూసి మాత్రం గుండె గుభేలుమంది. అన్ని లింకులా! తర్వాత అర్థమైంది, అన్నీ ఒక్కలాంటివి కావు. ఒకే ఫోల్డర్‌లోని ఫైళ్ల మధ్య లింకయితే టార్గెట్‌లో ఉత్త ఫైలు పేరే ఉంటుంది. ఫోల్డర్ మొత్తం కలిసి కదిలితే వాటికి చాలావరకు ఢోకా లేదు. డ్రైవ్ అక్షరమో సర్వర్ పేరో ఉన్నవే ఎక్కువగా తెగుతాయి.

ఇక దెయ్యం లింకులు. ఎవరో ఎప్పుడో వేరే ఫైలు నుంచి ఒక షీటు కాపీ చేసుకుంటారు, దాంతోపాటు నాలుగు 'పేర్లు' (సెల్స్‌కి ఫార్ములాల్లో వాడుకోవడానికి పెట్టుకునేవి) కూడా వచ్చి చేరతాయి. ఏ ఫార్ములా వాటిని వాడదు, కానీ లింకు మాత్రం పోదు. హిడెన్ పేర్లయితే, పేర్ల జాబితా చూపే నేమ్ మేనేజర్‌లో కూడా కనబడవు. నేను చేసే కిటుకు ఇది: ఫార్ములాల్లో బయటి ఫైలు పేరుకి బదులు చదరపు బ్రాకెట్లలో 1, 2 అని వరుస సంఖ్యే నిల్వ ఉంటుంది. ఆ [1] జిప్ లోపల షీట్ల ఎక్స్‌ఎంఎల్‌లో (ఒక్కో షీటు సంగతులు రాసి ఉండే టెక్స్ట్ ఫైలు) దొరికితే లింకు నిజంగా వాడుకలో ఉన్నట్టు. పేర్లు రాసి ఉండే వర్క్‌బుక్ ఎక్స్‌ఎంఎల్‌లో మాత్రమే దొరికితే పేర్లలో మిగిలిన చెత్త కావచ్చు, తీసేసే ముందు ఓసారి తెరిచి చూస్తాను. ఈ జల్లెడ పెట్టాక మనుషుల్ని కూర్చోబెట్టి అడగాల్సిన జాబితా బాగా తగ్గింది. మధ్యలో ఒక పెయిడ్ టూల్ కూడా ట్రయల్ చూశాను. ఫైలుకి ఎన్ని లింకులో చెప్పింది గానీ ఎక్కడికో చెప్పలేదు. ఆ లెక్క నేనేం చేసుకోను?

స్క్రిప్ట్‌కి చూపు ఆననివీ ఉన్నాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు జిప్పులు కావు. తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టిన కొత్త ఫైళ్లు కూడా అంతే. మొదటి రెండు బైట్లు జిప్‌కి గుర్తయిన 'పీకే' కాకపోతే వేరే జాబితాలో పడేస్తాను. వాటిలో పాతవాటిని ఎక్సెల్‌తోనే తెరిచి, లింకుల జాబితా ఇచ్చే లింక్‌సోర్సెస్ అనే ఆదేశంతో అడగాలి, పాస్‌వర్డ్ ఉన్నవాటికి ఓనర్‌నే పట్టుకోవాలి. బయటి డేటాను తెచ్చిపెట్టే పవర్ క్వెరీ వాడే దారులు వేరే చోట ఉంటాయి. అన్నిటికంటే మొండిది, అక్షరాలుగా రాసిన చిరునామాను సెల్‌గా మార్చే ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్. అందులో ఫైలు పేరు ఉత్త అక్షరాలుగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌టర్నల్‌లింక్స్‌లో జాడే ఉండదు. ఇప్పుడు షీట్లలో ఆ ఫంక్షన్ పేరు కూడా వెతికిస్తున్నాను. వచ్చేవాటిలో చాలా వరకు సొంత షీట్లను చూసేవే, అయినా ఒక్కోటీ కళ్లతో చూడక తప్పట్లేదు.