రెండు వేళ్ళ కొలతతో కుట్టిన ‘మిలిటరీ’ బ్యాగు: ఏడాది వాడాక

ముందే చెప్పేస్తా, ఇది కంపెనీ బ్యాగు కాదు. సికింద్రాబాద్‌లో ఒక గల్లీలో, మెట్ల కింద రెండు మిషన్లు వేసుకుని స్కూలు బ్యాగులు, మెడికల్ రెప్‌ల బ్యాగులు, క్రికెట్ కిట్ కవర్లు కుట్టే ఒక మాస్టర్ దగ్గర నేను గీసుకెళ్ళిన బొమ్మ ప్రకారం కుట్టించుకున్నది. కాబట్టి ఈ రివ్యూలో సగం బ్యాగు గురించి, సగం ఆయన పని గురించి, అక్కడక్కడా నా తెలివితక్కువతనం గురించి.

కథ నాగలాపురంలో మొదలైంది. ఫారెస్టు వాళ్ళ అనుమతితో, ఊళ్ళో మనిషిని వెంటబెట్టుకుని వాగు వెంబడి పైకి వెళ్తున్నాం. అక్కడ బాట అంటూ ఉండదు, బండ మీద నుంచి బండ మీదకి గెంతడం, అది కుదరని చోట ఒడ్డునున్న కంపల్లో దూరడం, అంతే. నా వీపు మీద అప్పుడు ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి కొన్న ‘టాక్టికల్’ బ్యాగు ఉంది. ఫోటోలో చూస్తే కమాండోలు వేసుకునేదే అనిపిస్తుంది, నిండా పట్టీలు, బకిళ్ళు, ముందు వెల్క్రో మీద ఒక పుర్రె బొమ్మ. లోపల తొమ్మిది కిలోలు కూడా లేవు. ఒక బండ దిగుతుంటే కుడి భుజం పట్టీ పైనుంచి ఊడి చేతిలోకి వచ్చింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు, కుట్టు విడిపోయింది. మిగతా రెండు గంటలు దాన్ని తువ్వాలుతో ముడేసుకుని, ఒక పక్కకి ఒరిగిపోయి నడిచా.

ఇంటికొచ్చాక బ్లేడు పెట్టి విప్పి చూశా. పట్టీ చివర అర అంగుళం కూడా లోపలికి పోలేదు. ఒంటి గుడ్డ మీద రెండు వరసల మామూలు కుట్టు, వెనక ఆసరాకి ఇంకో ముక్క గుడ్డ లేదు. బరువంతా లాగే చోట రెండు వరసలు వేసినవాళ్ళు ఆ పుర్రె బొమ్మ చుట్టూ మాత్రం మూడు వేశారు!

సరిగ్గా ఆ టైములోనే టెక్సాస్‌లో ఉండే మా బావ సెలవులకి వస్తూ అక్కడి సర్‌ప్లస్ షాపులో దొరికిన అమెరికా ఆర్మీ పాత బ్యాగు ఒకటి తెచ్చాడు. ఆలిస్ అంటారు, 1973లో వాళ్ళ సైన్యం ఓకే చేసిన డిజైను. దాన్ని వారం రోజులు సోఫాలో కూర్చోబెట్టి చూస్తూనే ఉన్నా, మా ఆవిడ దానికి కూడా కంచం పెట్టనా అని అడిగేదాకా. ఆ బ్యాగులో పెద్ద అరకి జిప్పే లేదు. మూతి తాడుతో బిగించడం, పైన మూత కప్పి రెండు పట్టీలతో కట్టేయడం, మనం బియ్యం సంచి మూతి కట్టినట్టే. జిప్పే లేనప్పుడు అడవి మధ్యలో జిప్పు పోయిందన్న టెన్షనూ లేదు. వెనక అల్యూమినియం గొట్టాల ఫ్రేము ఉండటం వల్ల వీపుకి గాలి ఆడుతుంది, కాకపోతే ఆ ఫ్రేము కింది భాగం నడుము మీద కూర్చుని నొక్కేస్తుంది, ఆ బ్యాగు మోసినవాళ్ళు ఏళ్ళ తరబడి తిట్టుకునేది కూడా దాన్నే. మూతి డిజైను తీసుకున్నా, ఫ్రేము వదిలేశా.

బాట ఉన్న చోట బ్యాగుకి బరువొక్కటే పరీక్ష. బాట లేకపోతే కంప మొదలవుతుంది. రేగు కొమ్మ దగ్గరగా చూశారా ఎప్పుడైనా? ముళ్ళు జంటలుగా ఉంటాయి, ఒకటి తిన్నగా, ఒకటి వెనక్కి వంగి. తిన్నగా ఉన్నది గుచ్చుకుంటుంది, వంగింది పట్టుకుంటుంది, ముందుకి లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది, కంప మీద పడ్డ పంచెని తీసినట్టు వెనక్కి వచ్చి మెల్లగా విడిపించుకోవాల్సిందే. పాత బ్యాగు పక్కన బాటిల్ పెట్టుకునే జాలీ పాకెట్లు రెండూ అలాగే పోయాయి. అందుకే కొత్తదాంట్లో జాలీ వద్దే వద్దన్నా. బాటిల్ అరలు కూడా అదే మందపాటి గుడ్డతో, అడుగున నీళ్ళు పోవడానికి ఒక ఐలెట్‌తో, అంటే రింగు బిగించిన రంధ్రంతో. బిగించాక మిగిలిపోయే పట్టీ కొసలు తోకల్లా వేలాడకుండా మడిచి పెట్టుకోవడానికి ఒక్కోదానికి ఒక చిన్న ఎలాస్టిక్ రింగు. కొలతలు కూడా కంపని బట్టే పెట్టా: వెడల్పు 32 సెంటీమీటర్లు, అంటే నా భుజాల కంటే తక్కువ, నేను దూరిన సందులో అదీ దూరాలి. ఎత్తు 55, తల పైకెత్తి కొండ చూస్తే వెనక తగలకూడదు. మందం 20. లెక్కేస్తే 35 లీటర్లు వస్తుంది, రెండు రోజులకి సరిపోతుంది, మూడో రోజుకి బట్టలు మార్చుకోకపోతే.

గుడ్డ విషయంలో చాలామంది మోసపోయేది డీనియర్ అనే అంకె దగ్గర. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు, అంతే. అంటే 1000 డీనియర్ పోగు తొమ్మిది కిలోమీటర్లు కలిపి కిలో తూగుతుంది. అది పోగు లావు సంగతి మాత్రమే చెబుతుంది, ఆ పోగు నైలానా పాలియెస్టరా, నేత ఎంత దగ్గరగా ఉంది, లోపల పూత ఎంత బాగా అంటింది, ఇవేవీ చెప్పదు. షాపులో 1680 డీనియర్ మ్యాటీ అనే బ్యాగు గుడ్డ చూపించి ‘ఇది ఇంకా స్ట్రాంగ్ సార్’ అన్నారు, అది పాలియెస్టర్. నేను 1000 డీనియర్ నైలాన్ తీసుకున్నా, లోపల నీళ్ళు ఇంకకుండా పీయూ (పాలియురేతేన్) పూత ఉన్నది. బండకి రాపిడైతే నైలాన్ ఎక్కువ ఓర్చుకుంటుంది. ఎండకి పాలియెస్టరే మేలు, కానీ నా బ్యాగు ఏడాదిలో మూడొందల రోజులు బీరువా మీదే ఉంటుంది కదా.

రంగు దగ్గర పెద్ద చర్చ నడిచింది. నాకు ఆలివ్ గ్రీన్ కావాలి, వీలైతే మచ్చల గుడ్డ. పాడేరు వైపు పనిచేసే ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే ఒకటే తిట్టు. “ఆ పచ్చ రంగు వద్దురా బాబూ, ఒకళ్ళు నిన్ను పోలీసనుకుంటారు, ఇంకొకళ్ళు ఇంకేదో అనుకుంటారు, మధ్యలో నిన్ను తీసుకెళ్ళిన పాపానికి మా గైడు తల పట్టుకోవాలి.” పైగా మన ఆర్మీ 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన కొత్త యూనిఫాం డిజైను మీద హక్కులు కూడా రిజిస్టర్ చేసుకుంది, బజారులో ఆ మచ్చల నకలు గుడ్డ కొనడం నాకూ నచ్చలేదు. చివరికి మట్టి రంగు తీసుకున్నా. మురికి కనపడదు, ఎర్రమట్టిలో కింద పెట్టి మర్చిపోతే బ్యాగూ కనపడదు. మూత లోపలి వైపు ఒక నారింజ రంగు ముక్క వేయించా, వెతుక్కోవాల్సి వస్తే మూత తిప్పి పెట్టడమే.

ఇక మాస్టర్ పని. నేను పేపరు ప్యాటర్న్ కత్తిరించి, మిల్లీమీటర్లు రాసి తీసుకెళ్ళా. ఆయన దాన్ని రెండు నిమిషాలు చూసి, కళ్ళజోడు పైకి నెట్టి, “ఇన్ని మెట్లు ఎందుకు సార్, దీని మీద ఎక్కుతారా?” అన్నాడు. మెట్లంటే మోలీ నవారు. 1990ల చివర్లో అమెరికా సైన్యం తెచ్చిన పద్ధతి అది, ఆలిస్ తర్వాతది: అంగుళం వెడల్పు నవారు, అంగుళం ఖాళీ, మళ్ళీ నవారు, ప్రతి అంగుళంన్నరకి ఒక గట్టి కుట్టు. ఆ గళ్ళలోంచి చిన్న పౌచ్‌ల పట్టీలు అల్లి బిగిస్తారు. ఆ అంగుళంన్నర తేడా వస్తే మొత్తం దండగ, పౌచ్ పట్టీ దూరదు, దూరినా ఒదులుగా ఊగుతుంది. ఇది ఆయనకి రెండుసార్లు చెప్పా. ఆయన తల ఊపాడు. ఊపి, రెండు వేళ్ళు పెట్టి కొలుచుకుంటూ కుట్టేశాడు. ఆయన వేళ్ళు లావు. నా మెడికల్ పౌచ్ పైనుంచి రెండు వరసల్లోకి బాగానే దూరింది, మూడో వరసకి వచ్చేసరికి గడి పక్కకి జరిగిపోయి ఇరుక్కుంది. అలా అని ఆయన్ని అనలేను, ఎందుకంటే మొదటి ట్రిప్పులోనే తేలిపోయింది, ఆ మెట్లన్నీ కొమ్మ కొసలు పట్టుకోవడానికే పనికొస్తున్నాయని. పౌచ్ బయట తగిలించుకోవడం వాహనంలోంచి దిగే సైనికుడికి బాగుంటుందేమో, లాంటానా పొదల్లో వంగి దూరేవాడికి కాదు. వచ్చాక ఒక ఆదివారం కూర్చుని పక్కన ఒక్క వరస ఉంచి మిగతావన్నీ నేనే విప్పేశా. ముందు వైపు ఇప్పుడు బోసిగా ఉంది, కుట్టు రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. మిలిటరీ లుక్ పోయింది, కంప నుంచి తప్పించుకోవడం మాత్రం ఈజీ అయింది.

మాస్టర్ గొప్పతనం ఎక్కడంటే భుజం పట్టీల దగ్గర. పట్టీ నవారుని మూడంగుళాలు లోపలికి పోనిచ్చి, వెనక ఇంకో రెండు పొరల గుడ్డ పెట్టి, పెట్టె గీసి మధ్యలో ఇంటూ గుర్తు కుట్టాడు, దాని పైనా కిందా ఒకే చోట అటూ ఇటూ దట్టంగా వేసే కుట్టు కూడా వేశాడు. నేను అడగకుండానే ఆ పట్టీని కాస్త ఏటవాలుగా పెట్టాడు, భుజం వాలు ఎటుంటే లాగుడు అటే ఉంటుందని. నా బొమ్మలో అది నిటారుగా ఉంది. నలభై ఏళ్ళు స్కూలు పిల్లల బ్యాగులు రిపేరు చేసిన మనిషికి పట్టీ ఎక్కడ తెగుతుందో యూట్యూబ్ చూసి నేర్చుకున్న నాకంటే బాగా తెలుస్తుంది మరి.

అదే మనిషి అడుగు కుట్టు దగ్గర కక్కుర్తి పడ్డాడు. రెండో ట్రిప్పు అయ్యాక బ్యాగు అడుగున ఒక మూల వేలు దూరేంత సందు వచ్చింది. పైనుంచి చూస్తే లావు నైలాన్ దారం చెక్కుచెదరకుండా ఉంది. లోపలికి తిప్పి చూస్తే కింది దారం సన్నగా, చొక్కాలకి వేసే దారం! మిషన్ కుట్టంటే పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకోవడమే కదా, ఒకటి తెగితే రెండోది ఎంత లావుంటే ఏం లాభం. తీసుకెళ్ళి చూపిస్తే ఆయన దాచలేదు, “బాబిన్‌లో కొంచెం దారం మిగిలుంటే వేస్ట్ ఎందుకని కుట్టేశా సార్” అన్నాడు. డబ్బులు తీసుకోకుండా అడుగు మొత్తం విప్పి మళ్ళీ కుట్టిచ్చాడు, టీ కూడా ఇప్పించాడు. కోపం రావాల్సిన చోట రాలేదు. మీరు ఎవరి దగ్గర కుట్టించుకున్నా ఒకటి చేయండి, బ్యాగు తీసుకునేటప్పుడు లోపలికి తిప్పి కింది దారం చూడండి.

నా తప్పు కూడా ఒకటుంది. వీపు వైపు ఫోమ్ వెనక రాణిగంజ్‌లో కొన్న అల్యూమినియం బద్దలు రెండు పెట్టా, పాతిక మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మందం, అరమీటరు పొడుగు. రెండూ కలిపి 200 గ్రాములే. మోకాలి మీద పెట్టి నా వీపు వంపుకి తగ్గట్టు వంచుకున్నా, బరువు భుజాల మీద నుంచి నడుము పట్టీ మీదకి దిగడానికి అవే కారణం, చాలా తేడా తెలుస్తుంది. కానీ కొసలు ఆకురాయి పెట్టి గుండ్రంగా రుద్దకుండా అలాగే దోపేశా. మూడో ట్రిప్పులో బ్యాగుని ధబీమని కింద పడేస్తే ఒక బద్ద కొస గుడ్డ చీల్చుకుని బయటికొచ్చి నన్నే చూస్తోంది. ఇప్పుడు కొసలకి కుర్చీ కాళ్ళకి తొడిగే రబ్బరు బుడిపెలు కోసి తొడిగా, కింద తోలు ముక్క వేయించా.

వాన విషయం: గుడ్డలోంచి నీళ్ళు రావు, కుట్టు రంధ్రాల్లోంచి వస్తాయి. రెయిన్ కవర్ కంపల్లో అరగంట నిలవదు. లోపల మందపాటి పాలిథిన్ సంచి ఒకటి వేసి మూతి మెలిపెట్టి మడవడమే, కిరాణా కొట్లో పది రూపాయలకి దొరికేది. అరకు దిగువన ఒక మధ్యాహ్నమంతా వానలో నడిచినా లోపల బట్టలు పొడిగా ఉన్నాయి, బ్యాగు మాత్రం నీళ్ళు పీల్చి కిలో పెరిగినట్టనిపించింది.

ఖర్చు: గుడ్డ 900, నవారు బకిళ్ళు 650, ఫోమూ తోలూ వగైరా 500, అల్యూమినియం 180, కుట్టుకూలి 2,200. మొత్తం 4,430. ఖాళీ బ్యాగు రెండు కిలోల 150 గ్రాములు, ఇది తక్కువేం కాదు, బాట మీద నడిచే ట్రెక్‌లకైతే ఇందులో సగం బరువున్న మామూలు బ్యాగు చాలు, దీన్ని మోయడం దండగ. పది రోజుల్లో ఇస్తానన్నది ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాల్లో ‘రేపు రండి సార్’ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. బ్యాగుకి ఐదుకి నాలుగు, కుట్టుకి నాలుగున్నర, చెప్పిన టైముకి ఒకటి.

నడుము పట్టీ ఇంకో రెండంగుళాలు కిందికి దించాలి, అందుకని బ్యాగు ప్రస్తుతం ఆయన దగ్గరే ఉంది. గురువారం ఇస్తానన్నాడు. ఏ గురువారమో నేనూ అడగలేదు.