ఒలింపస్ ట్రిప్ 35: పదకొండేళ్లు వాడాక

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రేడియోల పక్కన ఈ రీలు కెమెరా కనబడింది. అది పనిచేస్తుందో లేదో అమ్మేవాడికి తెలియదు. ఈ మోడల్‌ని ఎలా పరీక్షించాలో నేను అప్పటికే తెలుసుకుని ఉన్నాను. రీలు జరిపే చక్రం తిప్పి, లెన్స్‌ని అరచేత్తో మూసి బటన్ నొక్కాను. షట్టర్ (వెలుతురుని లోపలికి వదిలే తెర) పడలేదు, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో చిన్న ఎర్ర రేకు పైకి లేచింది. చెయ్యి తీసి ఎండవైపు తిప్పి నొక్కితే క్లిక్‌మంది. ఇక బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

ఇందులో బ్యాటరీ లేదు. లెన్స్ చుట్టూ బుడగలు బుడగలుగా కనిపించే అద్దం కింద సెలీనియం ఉంటుంది. వెలుతురు తగిలితే అదే కాస్త కరెంటు పుట్టించి లోపలి సూదిని కదిలిస్తుంది. ఆ సూది ఎక్కడ ఆగితే దాన్నిబట్టి అపెర్చర్ (లెన్స్‌లోని రంధ్రం సైజు), షట్టర్ వేగం ఖాయమవుతాయి. వేగాలు రెండే: సెకనులో 1/40, 1/200 వంతు. వెలుతురు చాలకపోతే ఫొటో తియ్యనివ్వదు, రీలు వృథా కాదు. 1967 నుంచి 1984 దాకా తయారైన కెమెరా ఇది. ఇలా వెలుతురుని కెమెరాయే కొలిచి సర్దుకునే ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ అంతకన్నా పాతదే, 1938లోనే కొడాక్ సూపర్ సిక్స్-20లో వచ్చింది. అప్పట్లోనే దాని ధర 225 డాలర్లు, నాలాంటివాళ్లు బొమ్మలో చూసి సంతోషపడాల్సిందే.

పగటిపూట దీనికి తిరుగులేదు. సంక్రాంతి పొద్దున వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు తీస్తే రీలు కడిగించాక రంగులు చూసి మా ఆవిడే ఆశ్చర్యపోయింది. ఇంట్లో మాత్రం కష్టం. తక్కువ వెలుతురుకి పనికొచ్చే 400 రీలు వేసినా ట్యూబ్‌లైట్ కింద ఎర్ర రేకు లేస్తుంది. 400 దాటిన రీలుకి ఇందులో సెట్టింగే లేదు. మనిషి వెనక సున్నం వేసిన గోడ ఎండలో మెరుస్తుంటే మొహం నల్లబడుతుంది. అలాంటప్పుడు కెమెరాని కాస్త కిందికి, నీడవైపు వంచి, బటన్ సగం నొక్కి పట్టుకుని, మళ్లీ పైకెత్తి తీస్తాను. సూది ఆ కొలత దగ్గరే ఆగి ఉంటుంది.

ఫోకస్‌కి నాలుగు బొమ్మలు: ఒక మనిషి, ఇద్దరు, ముగ్గురు, కొండ. ఇద్దరంటే 1.5 మీటర్లు, ముగ్గురంటే 3 మీటర్లు. నాకు మీటర్లు అందవు కాబట్టి సుమారు ఒక బార, రెండు బారలు అని గుర్తుపెట్టుకున్నాను.

ఒకసారి మేనల్లుడి పుట్టినరోజుకి ఫ్లాష్ పెట్టి, అపెర్చర్ రింగుని 5.6 దగ్గర వదిలేశాను. రింగు 'ఏ' (ఆటోమేటిక్) మీద లేకపోతే షట్టర్ 1/40 దగ్గరే ఉండిపోతుంది. మర్నాడు పొలం గట్టు మీద పరుగెత్తిన పిల్లలంతా చెదిరిపోయి దయ్యాల్లా వచ్చారు. తప్పు పూర్తిగా నాదే.

నా దగ్గర 1966 నాటి తరం యాషికా ఎలక్ట్రో 35 కూడా ఉంది. అపెర్చర్ మనం పెడితే షట్టర్ సంగతి అది చూసుకుంటుంది. దీపావళి ప్రమిదల్ని స్టాండ్ మీద పెట్టి తీయాలంటే అదే దిక్కు, అవసరమైతే 30 సెకన్లు కూడా తెరిచి ఉంచుతుంది. కానీ బ్యాటరీ లేకపోతే 1/500 తప్ప ఇంకేమీ తెలియదు. దానికి కావలసిన 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీలు ఇప్పుడు రావు, అడాప్టర్‌లో 6 వోల్టులది పెట్టి నడిపిస్తున్నాను. ఊరెళ్లేటప్పుడు మాత్రం సంచిలోకి చేరేది ట్రిప్పే.

పాత కెమెరాలు సేకరించడం మొదలుపెట్టేవాళ్లకి ట్రిప్ కొనమనే చెబుతాను, అయితే ఎర్ర రేకు పరీక్ష ఒక్కటే చాలదు. నీడలోనూ ఎండలోనూ నొక్కి చూస్తూ, లెన్స్‌లోని రంధ్రం నిజంగా పెద్దదీ చిన్నదీ అవుతోందా అని ముందునుంచి చూడాలి. వెనక తలుపు అంచున వెలుతురు చొరకుండా పెట్టిన స్పాంజి పట్టీ బంకలా కారుతుంటే భయపడనక్కర్లేదు, గీకేసి నల్ల ఉన్ని దారం అతికించొచ్చు. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, వానాకాలం ఆ తేమకి లెన్స్‌లో బూజు పడుతుంది. నాది మూత పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంటుంది. ఇప్పుడు అందులో సగం వాడిన రీలుంది. రెండు వారాలుగా ముసురు, ఎండ కోసం చూస్తున్నాను.