ఇథనాల్ లేని పెట్రోలుతో ఆరు ట్యాంకులు: అనంతపురంలో ఒక పాత కారు అనుభవం

నా కారు 2016లో కొన్న చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పది శాతం వరకు ఇథనాల్, అంటే చెరకు, ధాన్యం లాంటి వాటి నుంచి తీసే ఆల్కహాల్, కలిసిన పెట్రోలు వాడవచ్చని దాని మాన్యువల్‌లో ఉంది. 2022లో దేశమంతటా సగటున పది శాతానికి చేరిన మిశ్రమం, 2023 ఫిబ్రవరిలో ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) మొదలయ్యాక క్రమంగా ఇరవై శాతానికి పెరగడంతో, అనంతపురంలో ఏ బంకుకు వెళ్ళినా మాన్యువల్ ఒప్పుకున్న దానికి రెట్టింపు ఇథనాలే ట్యాంకులో పడుతోంది. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు కనుక పదిహేను రోజులకొకసారి నాకు ఆ ప్రయాణం తప్పదు. అక్కడ కొన్ని బంకుల్లో అమ్మే 100 ఆక్టేన్ పెట్రోలులో ఇథనాల్ ఉండదని విని, మూడు నెలల పాటు వరుసగా ఆరుసార్లు అదే నింపించాను. ఆ తర్వాత మళ్ళీ ఈ20కి వచ్చి ఎనిమిది నెలలయింది.

విన్న మాట నిజమో కాదో ముందు తేల్చుకోదలచాను. గీతలున్న వంద మిల్లీలీటర్ల గాజు జాడీ తెచ్చి, పొయ్యికి దూరంగా పెరట్లో పెట్టుకుని, ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళ మీద ఎనభై మిల్లీలీటర్ల ఈ20 పోసి, మూత బిగించి బాగా కుదిపి పది నిమిషాలు కదలకుండా ఉంచాను. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి, ఇరవై గీత దగ్గర ఉండాల్సిన నీటి మట్టం దాదాపు ముప్పై అయిదుకు ఎక్కింది. బెంగళూరు నుంచి తెచ్చిన పెట్రోలుతో అదే పని చేస్తే నీళ్ళు ఇరవై దగ్గరే నిలిచాయి.

ఇక మైలేజీ. ఏసీ వేసుకుని, ఎనభై తొంభై వేగం దాటకుండా ఒకే హైవే మీద నడిపి, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్క కట్టాను. ఈ20తో లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చేవి. ఇథనాల్ లేని పెట్రోలు మొదటి ట్యాంకుకు 16.3 మాత్రమే రావడంతో నిరుత్సాహపడ్డాను కానీ, రెండో ట్యాంకు నుంచి సగటు 17.1కి పెరిగి అక్కడే స్థిరపడింది. మొదటిసారి ట్యాంకు అడుగున పావు వంతు పాత పెట్రోలు మిగిలి ఉండడం ఒక కారణం కాగా, ఇంజన్ కంప్యూటర్ పాత అలవాటులో ఉండడం రెండోది. ఫ్లెక్స్ ఫ్యూయల్ కారైతే ఏ పాళ్ళలో ఇథనాల్ పోసినా గుర్తించి సర్దుకునేలా తయారవుతుంది. నా కారులాంటివి పొగలోని ఆక్సిజన్‌ను చూసి ఇంధనం పెంచాలో తగ్గించాలో నిదానంగా నేర్చుకుంటాయి. కారు కంప్యూటర్ లెక్కలను ఫోనులో చూపే బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే, ఈ20తో ఏడెనిమిది శాతం ఇంధనం అదనంగా పోస్తున్న కంప్యూటర్‌కు ఆ దిద్దుబాటును ఒక శాతానికి తగ్గించడానికి నూట యాభై కిలోమీటర్ల పైనే పట్టింది. ఆ దూరం తిరగడానికి పట్టిన రెండు రోజులూ ఉదయం స్టార్ట్ చేయగానే సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చేది. కాబట్టి ఒక్క ట్యాంకు నింపి తేడా లేదనో, విపరీతమైన తేడా ఉందనో చెప్పేవారి లెక్కను నేను నమ్మను.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. అందుకే ఇరవై శాతం కలిస్తే ఆరేడు శాతం మైలేజీ తగ్గడం సహజం, నాకు కనిపించిందీ అంతే. ఆ ఏడు శాతం విలువ లీటరుకు ఏడు రూపాయలైతే, 100 ఆక్టేన్ పెట్రోలుకు నేను అదనంగా పెట్టింది యాభై రూపాయలకు పైమాటే. బండి లాగుడులోనూ మార్పేమీ కనిపించలేదు. ఆక్టేన్ అంటే ఇంజన్‌లో పెట్రోలు వేళ కాని వేళ తనంతట తాను మండి టకటకమనకుండా తట్టుకునే గుణానికి కొలత, నా ఇంజన్ అంత ఆక్టేన్‌ను వాడుకునేలా తయారైంది కాదు. పైగా ఇథనాల్‌కే ఆక్టేన్ ఎక్కువ కనుక, గతంలో మే నెల ఎండలో పెనుకొండ దగ్గరి ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం ఈ20 వచ్చాక తగ్గిందని ఒప్పుకోవాలి.

నన్ను నిజంగా భయపెట్టింది రబ్బరు. ఈ ప్రయోగానికి కొద్ది వారాల ముందు బానెట్ కింద పెట్రోలు వాసన వస్తోందని మెకానిక్కుకు చూపిస్తే, ఇంజనుకు పెట్రోలు తెచ్చే పైపు క్లిప్పు దగ్గర ఉబ్బి మెత్తబడి ఉంది. అతను దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూపినప్పుడు లోపలి పొర సన్నని పగుళ్ళతో వేలికి నల్లగా అంటింది. తొమ్మిదేళ్ళు అనంతపురం ఎండల్లో ఉడికిన పైపు కాబట్టి నేరమంతా ఇథనాల్ మీద మోపడం న్యాయం కాదు. అయినా పది శాతానికి తయారైన రబ్బరుకు ఇరవై శాతం కష్టమే, అదీ వేడి ఇంజన్ పక్కన. ఇథనాల్‌కు తట్టుకునే పైపు, ఇంజెక్టర్ల రబ్బరు రింగులు, ఫిల్టరు కలిపి మార్పించాను. ఖర్చు మూడు వేల లోపే అయింది, అంటే ఖరీదైన పెట్రోలు రెండు ట్యాంకులకు అదనంగా పెట్టిన డబ్బుకన్నా తక్కువ. పాత కారు ఉన్నవారు పెట్రోలు మార్చే ఆలోచనకన్నా ముందు ఈ పని చేయించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఇప్పుడు కొడికొండ చెక్‌పోస్టు దాటి, ధర తక్కువ కాబట్టి కర్ణాటక వైపు మామూలు ఈ20నే నింపించుకుంటున్నాను. నెలకొకసారి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, కొత్త పైపును మొదటి నుంచి చివరి దాకా తెల్లగుడ్డతో తుడిచి చూస్తాను. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా గుడ్డకు తడి అంటలేదు.