ఒకే డైనోసార్, వేర్వేరు ఊళ్లు: డిప్పీ ప్రదర్శనల యాత్రా అనుభవాలు

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1905లో కొలువుదీరి, అక్కడి ప్రజలు డిప్పీ అని ముద్దుగా పిలుచుకునే డిప్లోడోకస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని 2017లో ప్రధాన మందిరం నుంచి తొలగించి, ఆ చోట నీలి తిమింగలం అస్థిపంజరాన్ని వేలాడదీశారు. మరుసటి ఏడాది మొదలుకొని 2021 వరకు డిప్పీ డోర్చెస్టర్, బర్మింగ్‌హామ్, బెల్‌ఫాస్ట్, గ్లాస్గో, న్యూకాజిల్, కార్డిఫ్, రోచ్‌డేల్, నార్విచ్‌లలో ప్రదర్శనలిచ్చింది. బర్మింగ్‌హామ్ సమీపంలో నివసించే మా కుటుంబం వాటిలో కొన్నింటిని చూసింది. అన్ని చోట్లా ఎముకలు అవే కాబట్టి, ఇక్కడ తూచవలసింది డిప్పీని కాదు, దానికి ఆతిథ్యమిచ్చిన భవనాలను, వాటిని చేరే దారులను, అక్కడి ఏర్పాట్లను.

26 మీటర్ల పొడవున్న ఈ అస్థిపంజరంలోని 292 ఎముకలూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోసిన నకళ్లు. అసలు ఎముకలు 1899లో అమెరికాలోని వ్యోమింగ్‌లో దొరికాయి, ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో ఉన్నాయి. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ నకలు చేయించి లండన్‌కు కానుకగా ఇవ్వగా, తరువాత బెర్లిన్, పారిస్ వంటి నగరాలకు కూడా మరికొన్ని నకళ్లు చేరాయి. నకలు అనగానే కొందరు పెదవి విరుస్తారు గానీ, నకలు కాబట్టే అది పెట్టెల్లో సర్దుకుని ఊరూరా తిరగగలిగింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటాసారస్ అనే డైనోసార్ సంగతి ఇందుకు భిన్నం. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో నిలిపిన ఆ అస్థిపంజరం దగ్గరకు మనమే నౌబత్ పహాడ్ ఎక్కి వెళ్లాలి. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చిన మామగారు డిప్పీని చూసి, "మన కోటాసారస్సే నయం, అవి నిజం ఎముకలు" అన్నారు. ఆ మాటను కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

బర్మింగ్‌హామ్‌లోని గ్యాస్ హాల్‌లో డైనోసార్ల నుంచి పక్షులు పరిణమించిన కథను డిప్పీకి జత చేశారు. మాకు దగ్గర కావడంతో బస గొడవ లేదు. అయితే హాలు కొంచెం ఇరుకు. తోక మొదలు తల దాకా ఒక్క చూపులో పట్టేంత దూరం వెనక్కి జరగడానికి వీలు లేకపోవడం వల్ల, జంతువు ఎంత పొడవో పిల్లలకు బోధపడలేదు.

నా లెక్కలో అన్నింటిలోకీ గ్లాస్గో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ముందుంటుంది. 1901లో తెరిచిన ఆ ఎర్రరాతి భవనపు మధ్య మందిరం ఎంత ఎత్తయినదంటే, పై అంతస్తు వసారాల నుంచి వెన్నెముకను కిందికి చూస్తే ఒక్కో పూస ఎలా అమరిందో తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడి పెద్ద ఆర్గాన్ వాయిస్తారు, డిప్పీ ఉన్నంతకాలమూ ఆ ఆనవాయితీ తప్పలేదు. అదే భవనంలో ఒక పక్క స్పిట్‌ఫైర్ విమానం వేలాడుతూ, మరో పక్క సర్ రోజర్ అనే స్టఫ్ చేసిన ఏనుగు నిలబడి ఉండడం వల్ల, డైనోసార్ కోసం వచ్చినవారు ఊరికే వెనుదిరగరు. ప్రవేశం ఉచితం. సబ్‌వే అనే భూగర్భ రైలులో వచ్చేవారు కెల్విన్‌హాల్ స్టేషన్‌లో దిగాలి, అయితే అక్కడ లిఫ్టు లేదు, మెట్లే దిక్కు. పిల్లల బండి ఉన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉన్నా బస్సులో రావడం మేలు. మేము దిగిన బసలో గది శుభ్రంగానే ఉంది గానీ, మూడో అంతస్తు దాకా సామాను మోసుకెళ్లవలసి వస్తుందని ముందే చెప్పలేదు. పాత ఇళ్లను బసలుగా మార్చిన వీధుల్లో గది తీసుకునేవారు లిఫ్టు గురించి అడిగి తీరాలి.

2021లో నార్విచ్ కథీడ్రల్‌లో చూసినప్పుడు నాకు కలిగింది వేరే అనుభవం. 1096లో కట్టడం మొదలైన ఆ ఆలయపు నడిమి మండపం పొడవుగా, సన్నగా ఉండడం డిప్పీ శరీరానికి అచ్చంగా అమరింది. రాతి స్తంభాల వరుస మధ్య మెడ చాచి నిలిచిన ఆ ఆకారాన్ని ముందునుంచి చూసినవారికి, ఇంతకుమించిన వేదిక దొరకదనిపిస్తుంది. అయితే సైన్సు వివరణ విషయంలో గ్లాస్గో కన్నా ఇక్కడ నాకు తృప్తి తక్కువ, ఎందుకంటే భవనమే ఎక్కువ దృష్టిని లాగేసుకుంది. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి రైలు రెండు గంటల లోపే చేరుతుంది, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. కాబట్టి ఇక్కడ రాత్రి బస అవసరం లేదు.

2023 ఫిబ్రవరిలో డిప్పీ మూడేళ్ల ఒప్పందం మీద కొవెంట్రీలోని హెర్బర్ట్ ఆర్ట్ గ్యాలరీకి చేరింది. పర్యాటక ప్రదర్శనల హడావుడి లేని ఈ చోట కూర్చుని బొమ్మ గీసుకునేంత తీరిక దొరకడం పెద్ద సుఖం. పక్కనే 1940 బాంబుదాడిలో కూలిన పాత కథీడ్రల్ శిథిలాలు, వాటిని ఆనుకుని 1962లో ప్రతిష్ఠించిన కొత్త కథీడ్రల్ ఉన్నాయి. రెండూ చూడడానికి ఒక పూట చాలు. ఇలా తిరిగే ప్రదర్శనల ఒప్పందాలకు గడువు ఉంటుంది కాబట్టి, టికెట్లు కొనే ముందు అది ఇంకా అక్కడే ఉందో లేదో మ్యూజియం వారిని అడిగి బయలుదేరాలి.